చెట్లకు కట్టిన తెల్లగుడ్డ

ఫిబ్రవరి 11

పొద్దున ఫోటో: కరకట్ట కింద నారుమడి, మంచులో.

నా భార్య లువా జవాబు: "నారు బాగుంది. కొంగ ఎటు పోయింది?"

నిన్నటి ఫోటోలో కొంగ ఉంది. తైవాన్‌లో కూర్చుని మా ఊరి కొంగ హాజరు కూడా తనే చూసుకుంటోంది.

ఈ పుస్తకం ముందు పేజీల్లో ఎప్పటిలాగే వాన, ఎరువు, గుడ్లు, నాట్లు. ఇది వెనక నుంచి రాస్తున్నాను. అమ్మకు చదవడం రాదు. పక్కింటి న్యాన్ వదినకు చదువు వచ్చు గాని లెక్కల పుస్తకమంటే తలనొప్పి. కాబట్టి ఇక్కడ ఏం రాసినా ఫరవాలేదు.

ఏం రాయాలో మాత్రం తెలియడం లేదు.

లువా ఒప్పందం ఏప్రిల్‌లో అయిపోతుంది. ఇంకో మూడేళ్ళు తను పనిచేసే ఇంటి ముసలమ్మను చూసుకుంటుందా లేదా అన్నది మార్చి పదిహేను లోపల సంతకం పెట్టి చెప్పాలట. నిన్న ఫోన్లో అడిగింది.

"నువ్వేమంటావు?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమేనా?"

"నీ ఇష్టమే."

 వెనకాల ముసలమ్మ టీవీ వినిపించింది. తర్వాత, "పంపర పనస మొగ్గ వేసిందా?" అని అడిగింది.

ఇంకేమనాలి? వెళ్ళేటప్పుడూ తన ఇష్టంతోనే వెళ్ళింది. ఇంటి పైకప్పు, అమ్మ కళ్ళ ఆపరేషన్ అని వెళ్ళింది. ఆ రెండూ అయ్యాయి. ఇక ఉండడం, రావడం ఆమెకు తెలియాలి. ఇంట్లో ఉండేది అమ్మ, నేను, కోళ్ళు. మాకేం ఇబ్బంది లేదు.

ఫిబ్రవరి 12

ఫోటో: తొలి మొగ్గలు, తూర్పు చెట్టు. వెలుతురు బాగుంది.

ఫిబ్రవరి 15

వెళ్ళిన మొదటి వారంలో లువా అంది: "నువ్వెలాగూ మాట్లాడవు. రోజూ పొద్దున ఒక ఫోటో పెట్టు. ఏదైనా సరే. కోడైనా సరే." అప్పటి నుంచీ పెడుతున్నాను. ఫోన్ వాడడం నేనే నేర్చుకున్నాను. చొక్కా అంచుతో అద్దం తుడవాలి. సూర్యుడు వీపు వెనక ఉండాలి. జల్లులో అయితే పువ్వుకు బాగా దగ్గరగా వెళ్ళాలి. ఎవరూ చెప్పలేదు, చేస్తుంటే తెలిసింది.

ఆ ఫోటోలు ముసలమ్మ కూడా చూస్తుందట. జావ తాగే ముందు "మీ ఆయన ఏం పంపాడు?" అని అడుగుతుందట. నిన్న బాతుల్ని చూసి మళ్ళీ మళ్ళీ చూపించమందట.

ఇవాళ తూర్పు చెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని తీస్తుంటే న్యాన్ వదిన గోడ మీదుగా చూసింది.

"ఏం మరిదీ, పెళ్ళాం ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు పువ్వు ముందు మోకరిల్లావా?"

"వెలుతురు బాగుంది వదినా."

"ఆహా, వెలుతురా. నేనింకా బెంగ అనుకున్నాను."

 ఆవిడకు జవాబు చెబితే ఇంకో నాలుగు అంటుంది.

సాయంత్రం లువా రాసింది: "అన్నీ వస్తున్నాయి ఫోటోల్లో. నువ్వెక్కడ?"

"తీసేది నేను కదా" అని రాశాను.

ఫిబ్రవరి 20

రెండు రోజులుగా గాలిలో తడి. గోడలు, నేల అన్నీ చెమరుస్తున్నాయి. గచ్చు అద్దంలా ఉంది. పొద్దున నాన్న పటం దగ్గర అగరొత్తి వెలిగించడానికి లేచి అమ్మ జారి పడింది.

మండల ఆరోగ్య కేంద్రంలో చూపించాను. ఎముక విరగలేదు. మడమ దగ్గర నరం పట్టేసింది. మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు.

సైకిల్ వెనక కూర్చోబెట్టి తీసుకొస్తుంటే అమ్మ మొదటి మాట: "కోడలికి చెప్పకు."

"అడిగితే?"

"అడిగితే గుడికి వెళ్ళాననో, నిద్రపోయాననో చెప్పు. నువ్వు చెప్పావంటే అది అక్కడ కూర్చుని ఏడుస్తుంది. ఆ ముసలావిడకు నీళ్ళు పోసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. ఇద్దరం ముసలివాళ్ళం ఒకేసారి పడాలా?"

న్యాన్ వదినకు కూడా చెప్పి ఉంచాను. ఆవిడ నోటి మీద వేలు వేసుకుంది. ఆ నోరు ఎన్నాళ్ళు ఆగుతుందో చూడాలి.

ఫోటో: పువ్వు మీద తేనెటీగ. అబద్ధమేం కాదు. తేనెటీగ నిజంగానే ఉంది.

ఫిబ్రవరి 24

అమ్మకు జావ, కాలికి అల్లం కాపడం, కోళ్ళు, నీళ్ళు, నాట్లు. కూరమడి వైపు వెళ్ళడానికి కుదరలేదు. గడ్డి మోకాలి దాకా వచ్చింది.

ఫోటో: నూల్‌కోల్ మడి, ఆకుల మీద నీటి చుక్కలు.

లువా: "అబ్బ, ఎంత బాగా పెంచావు!"

అది న్యాన్ వదిన మడి. గోడకు అవతలి వైపు. ఎవరి మడి అని తను అడగలేదు, నేను చెప్పలేదు.

ఫిబ్రవరి 26

"అత్తమ్మను చూపించు" అంది వీడియోలో.

"గుడికి వెళ్ళింది."

"మొన్న కూడా గుడికే అన్నావు."

"మన కొత్త సంవత్సరం మొదటి నెల కదా. గుళ్ళు చాలా ఉన్నాయి."

లోపల మంచం మీద అమ్మ వక్కాకు నములుతూ నోరు మూసుకుని నవ్వుతోంది.

ఫిబ్రవరి 28

కరకట్ట మీద బూరుగు పూసింది. ఆకు ఒక్కటి లేదు, అంతా ఎరుపే. రాలిన పూలు ఏరి సైకిల్ బుట్టలో పోసి ఫోటో తీశాను.

లువా: "ముసలమ్మ దీన్ని పెద్దగా ముద్రించి గోడకు పెట్టమంటోంది." ఆ తర్వాత ఇంకో మాట: "నేను లేకపోయినా అన్నీ చక్కగా ఉన్నాయి అక్కడ."

"అవును. ఇబ్బందేమీ లేదు. నువ్వు బెంగ పెట్టుకోకు" అని రాశాను.

మామూలుగా ఒక్క లైను రాస్తాను. ఇవాళ మూడు మాటలు రాశాను. తనకు ధైర్యంగా ఉంటుంది.

మార్చి 2

సంతకం గురించి ఏమీ అనలేదు. నేను అడగలేదు. తన ఇష్టం.

మార్చి 4

పంపర పనస విరగబూసింది. వాసన ఇంట్లోకి, అన్నంలోకి కూడా వచ్చేసింది. పూలు కోసి నాన్న పటం ముందు పళ్ళెంలో పెట్టాను.

తీపి చెట్టు తన పుప్పొడితో సరిగ్గా కాయదు. పులుపు చెట్టు పువ్వు తెచ్చి పుప్పొడి అంటించాలి. మాకు పులుపు చెట్టు లేదు, న్యాన్ వదిన వాళ్ళకు ఉంది. ఏటా లువా గోడ దగ్గర నిలబడి బుట్టెడు పూలు తీసుకునేది, ఇద్దరూ ఒక గంట కబుర్లు చెప్పుకునేవాళ్ళు. తర్వాత రేకులు వెనక్కి వంచి, తీపి పువ్వు మధ్యలో జిగురుగా ఉండే బొడిపెకు ఒక్కసారి తాకించేది. తాకించినట్టే ఉండదు. నా వేళ్ళు మొద్దు. రెండు మూడు బొడిపెలు విరిచేశాకగాని చెయ్యి కుదరలేదు. తను వెళ్ళిన తర్వాత రెండేళ్ళూ వదినే వచ్చి చేసి పెట్టింది. ఈ ఏడు ఆవిడకు మోకాలి నొప్పి, నిచ్చెన ఎక్కలేనంది, నేనే చేశాను.

చేసిన కొమ్మకు గుర్తు కట్టాలి, లేకపోతే మళ్ళీ అదే కొమ్మ చేస్తాం. లువా ఎర్ర ఊలు కట్టేది. ఎంత వెతికినా దొరకలేదు. అమ్మ నిద్రపోతోంది, లేపలేదు. అటక మీద పాత దోమతెర ఉంటే చించి కట్టాను.

తూర్పు చెట్టు, గుంట పక్క చెట్టు పూర్తయ్యాయి. వంటింటి వెనక చెట్టు నీడన ఉంటుంది, ఆలస్యంగా పూస్తుంది. దానికి ఇంకా మొగ్గే.

మార్చి 5

నేను తీసినవాటిలో ఇంత మంచి ఫోటో ఇంకోటి లేదని పంపేటప్పుడు అనుకున్నాను. తెల్లవారుజాము మంచు, రెండు చెట్లు, తెల్లటి పూలు, కొమ్మ కొమ్మకూ తెల్లటి పీలికలు గాలికి కదులుతూ. పంపేసి, ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, పొలానికి వెళ్ళాను.

మధ్యాహ్నం వచ్చేసరికి మా గేటు దగ్గర న్యాన్ వదిన. చేతిలో అన్నం గరిటె ఉంది, వంట మధ్యలోనే వచ్చేసినట్టుంది.

"ఎక్కడ చచ్చావయ్యా! నీ పెళ్ళాం నాకు ఫోన్ చేసింది. 'అత్తమ్మ ఎలా ఉంది, నిజం చెప్పు' అంటుంది. నువ్వు చెప్పొద్దన్నావాయె. 'ఏం కాలేదు, ఏం కాలేదు' అంటూ నీళ్ళు నమిలాను. అంతే, బావురుమంది! ఏం చేశావసలు?"

"ఏం చేయలేదు. ఫోటో పెట్టాను."

"ఏ ఫోటో?"

చెట్ల వైపు చూపించాను. వదిన అటు చూసింది. గరిటె కింద పడేసింది.

"ఓరి నీ తెలివి మండా! చెట్లకు తెల్లగుడ్డ కట్టావేంట్రా!"

అప్పుడు చూశాను నేను. నిన్న సాయంత్రం నుంచీ కళ్ళ ముందే ఉంది, ఇప్పుడు చూశాను.

నాన్న పోయినప్పుడు ఈ చెట్లకు ఇలాగే కట్టింది నేనే. తలకు కట్టుకునే చావుగుడ్డ, దోమతెర, రెండూ ఒకే నేత. ఇంటి పెద్ద పోతే చెట్టు చెట్టుకూ చెప్పి గుడ్డ కట్టాలి, చెప్పకపోతే ఎండిపోయి ఆ మనిషి వెంటే పోతాయని అమ్మ ఏడుస్తూ నా చేతికి పీలికలు అందించింది. లువా నిచ్చెన పట్టుకుంది.

లోపలికి పరిగెత్తాను. అమ్మ కేకలు వేస్తోంది: "పొద్దుటి నుంచీ ఆ అలమార మీద మోగి మోగి చస్తోందిరా! నాకందదు!"

లువా ఒక్క రింగుకే ఎత్తింది. గొంతు పూర్తిగా పోయింది.

"ఎప్పుడు పోయింది?"

"ఎవరు?"

"నా దగ్గర కూడా దాస్తావా? వారం నుంచీ గుడికెళ్ళింది, నిద్రపోయింది అన్నావు. మట్టి కూడా చేసేశారా? నేను రాలేనని చెప్పకుండా చేసేశారా? మన పక్క ఊరి నుంచి ఇక్కడికొచ్చిన సుయెన్‌కు వాళ్ళమ్మ పోయిందని నలభయ్యో రోజున చెప్పారు, తెలుసా నీకు? నన్ను కూడా..."

 ఫోన్ తీసుకెళ్ళి అమ్మ మొహం ముందు పెట్టాను.

అమ్మ వక్కాకు ఒక బుగ్గలోకి నెట్టుకుని, "ఏమే కోడలా, ఎవరు చచ్చారే?" అంది.

అవతల నుంచి వచ్చిన చప్పుడు ఏడుపో నవ్వో తెలియలేదు. రెండూ అనుకుంటాను. విషయం వదిన చెప్పింది, గడప దగ్గర నిలబడి, చేతులు ఊపుతూ, కాలు జారడం దగ్గర నుంచి దోమతెర దాకా, నోటి మీద వేలు వేసుకున్నప్పటి నుంచీ దాచుకున్నదంతా. అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది.

"నేను బతికుండగానే చెట్లన్నిటికీ చావు కబురు చెప్పేశావురా! ఇప్పుడు నిజంగా పోయిననాడు ఏం కడతావు?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

తర్వాత లువా, "ఫోన్ పట్టుకుని బయటికి రా" అంది. వచ్చాను.

"ఏజెంట్‌కు పొద్దున చెప్పేశాను. సంతకం పెట్టను, ఇంటికి పోవాలని. సంచి కూడా సర్దేశాను. ఇప్పుడేం చెయ్యను? ఎవరూ చావలేదు."

నేను గుంట గట్టు మీద కూర్చున్నాను.

"అసలు పెడదామనే అనుకున్నాను సంతకం. ఎందుకో తెలుసా? నీ ఫోటోలు చూసి. అన్నీ పచ్చగా ఉన్నాయి. నేను లేకపోతేనే పూలు ఎక్కువ పూస్తున్నట్టున్నాయి. ఇక్కడ ముసలావిడ నేను కాకపోతే ఎవరి చేతా నీళ్ళు పోయించుకోదు. అక్కడ నేనెందుకు? చెప్పు. నేను ఎందుకు?"

నీ ఇష్టం అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. 

"సరే" అని పెట్టేసింది.

మార్చి 6

ఫోటో పంపలేదు. జల్లు, పిండి జల్లించినట్టు.

మార్చి 7

తెల్లగుడ్డలన్నీ విప్పేశాను. ఎర్ర ఊలు అమ్మ మంచం కింద రేకు పెట్టెలోనే ఉందట. అడిగితే చెప్పేదాన్ని కదరా అంది. ఊలు కట్టాను.

వంటింటి వెనక చెట్టు విచ్చుకోవడం మొదలుపెట్టింది.

తను రానక్కర్లేదని నేనెప్పుడూ అనలేదు. అననేలేదు. ఇబ్బంది లేదు అన్నాను. రెండూ వేరు.

వేరేనా?

మార్చి 8

ఆడవాళ్ళ రోజు. సంత వీధంతా గులాబీలు. న్యాన్ వదిన మొగుడు కూడా ఒకటి కొన్నాడు, సిగ్గుతో సంచిలో దాచుకుని తెచ్చాడు. వదిన అది చెవి పక్కన పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"నువ్వేం పంపావు మరిదీ మీ ఆవిడకి? మళ్ళీ చావుగుడ్డేనా?"

ఏమీ పంపలేదన్నాను.

"నీ నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయా, తెరిస్తే పోతాయని?" అని వెళ్ళిపోయింది. పులుపు చెట్టు పూలు బుట్టెడు గోడ మీద పెట్టి వెళ్ళింది.

బుట్ట తీసుకుని వంటింటి వెనక చెట్టు దగ్గరికి వెళ్ళాను. ఒక పువ్వు తీశాను, రేకులు వంచాను, మళ్ళీ బుట్టలో పడేశాను. ఫోన్ తీశాను.

ముందు కూరమడి. మోకాలి ఎత్తు గడ్డి, మధ్యలో ఎక్కడో ఒక ఉల్లికాడ. తర్వాత అమ్మ మడమ, వాపు, పసుపు పట్టీ. మాడిన జావగిన్నె అడుగు. పందిరి మీద ఎండిపోయిన చిక్కుడు తీగ, నీళ్ళు పోయడం మరిచిపోయాను. గుండీ ఊడిన నా చొక్కా, దారం వేలాడుతూ. తను వెళ్ళిన దగ్గర నుంచీ నేను బట్టలు పడేస్తున్న తన వైపు మంచం. వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూసుకోలేదు. వరసగా పంపేశాను.

చివరికి వంటింటి వెనక చెట్టు. విచ్చిన పూలు, ఊలు కట్టని కొమ్మలు. కింద రాశాను:

"ఈ చెట్టు చెయ్యలేదు. నాకు చేతకాక కాదు. చెయ్యను. నువ్వు వచ్చి చెయ్యి."

పంపాక ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. ఎందుకో తెలియదు.

మార్చి 9

జవాబు వచ్చింది.

"ఆ నూల్‌కోల్ వదినదని అప్పుడే తెలుసు. గోడకు పగులు మన వైపే ఉంటుంది. ఆ ఫోటోలో గోడకు పగులు లేదు."

"గిన్నెలో బూడిద వేసి రాత్రి నానబెట్టు. గీకకు."

"నా వైపు మంచం ఖాళీ చెయ్యి."

ఈ మూడోదాన్ని చాలాసార్లు చదివాను. చొక్కాలు కుప్పగా ఉన్నాయని విసుక్కున్నట్టు కూడా ఉంటుంది. ఎందుకైనా మంచిదని ఖాళీ చేశాను.

మార్చి 11

రావడం గురించి ఒక్క మాట లేదు. ముసలమ్మ గడ్డిమడి ఫోటో చూసి పగలబడి నవ్విందట. పూలన్నిటి కంటే అదే నచ్చిందట. మా ఇంట్లో కూడా ఇలాగే ఉండేది మడి, అందట.

రేకులు రాలుతున్నాయి. వదిన ఇచ్చిన పూలు బుట్టలో గోధుమరంగుకు తిరిగాయి. ఊడ్చేశాను.

మార్చి 13

అమ్మ కర్ర పట్టుకుని వంటింటి దాకా నడిచింది. వెనక చెట్టు చూసి, "దీనికి ఊలేదిరా?" అంది.

"లువా చేస్తుంది."

అమ్మ నా మొహం చూసింది. "పువ్వు ఆగదు కదరా."

"ఆగదు."

"మరి?"

"ఆగకపోతే ఈ ఏడు కాయదు. అంతే."

అమ్మ చెట్టు మొదట్లో పీట వేయించుకుని కూర్చుంది. ఈ చెట్టుకు ఏదో చెప్పుకుంది, నాకు వినపడలేదు.

మార్చి 15

"సంతకం పెట్టలేదు" అంది లువా ఫోన్లో.

నేను "ఊఁ" అన్నాను. తర్వాత, ఎక్కడి నుంచి వచ్చిందో, "మంచిది" అన్నాను. తర్వాత, "చాలా మంచిది" అన్నాను.

"అబ్బో" అంది లువా. "ఇవాళ నోరు బాగానే తెరుచుకుంది."

మార్చి 18

ముసలమ్మ కూతురు ఇంకో మనిషిని చూసిందట, తనను ఒప్పందం కన్నా ముందే పంపిస్తానందట. కానీ ముసలమ్మ రెండు రోజులు అలిగి జావ ముట్టలేదట. చివరికి ఒక షరతు పెట్టిందట: రోజూ పొద్దున ఫోటో రావాలి. ఆగిందో, తనే వచ్చి మా గుమ్మం దగ్గర కూర్చుంటుందట.

లువా ఇది చెబుతూ నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు మా కోసం కాదు. అర్థమైంది.

మార్చి 21

వంటింటి వెనక చెట్టు కింద తెల్లగా పరుచుకుంది. కోళ్ళు తొక్కుతున్నాయి. పై కొమ్మలో నాలుగైదు గుత్తులు మాత్రం ఇంకా విచ్చలేదు. రోజూ తల ఎత్తి చూస్తున్నాను. మెడ నొప్పి.

మార్చి 23

బస్సు ఆలస్యం. లువా వచ్చింది.

మార్చి 24

పొద్దున లేచేసరికి పక్కన లేదు. భయమేసింది. వెనక గోడ దగ్గర వదినతో నవ్వులు. చేతిలో బుట్ట. ఆ గంటసేపటి కబుర్లు అయ్యేదాకా నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

తనే ఎక్కబోయింది. పై కొమ్మ సన్నం, నేను ఎక్కుతానన్నాను. "నీ వేళ్ళతో విరిచేస్తావు" అంది. విరవనన్నాను. కింద నుంచి చెబుతూ ఉంది: "మెల్లగా. రేకులు ఇంకా వంచు. తాకించు. అంతే, అంతే. రుద్దకు!" మీసం నిండా పుప్పొడి. జేబులోంచి ఎర్ర ఊలు తీసి కట్టాను.

కిందికి చూస్తే లువా ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది.

"కదలకు."

"పువ్వును తియ్యి" అన్నాను. "సూర్యుడు నీ ఎదురుగా ఉన్నాడు. మొహం నల్లగా వస్తుంది."

"పూలు ముసలమ్మ మూడేళ్ళ నుంచి చూస్తోంది."

పంపింది. నేను దిగేలోపే తైవాన్ నుంచి జవాబు వచ్చింది, గొంతుతో. ముసలి గొంతు, ఉరుము లాంటి గొంతు. లువా విని నవ్వి నిచ్చెనకు తల ఆనించింది.

"ఏమంటోంది?"

"ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎక్కడున్నాడు, అంటోంది."

"ఫోటో తీస్తున్నాడని చెప్పు."

"చెప్పను" అంది లువా. "కదలకు. ఇంకోటి తీస్తాను."